ప్రారంభ స్థితి: బలహీనం

నేను నాయకుణ్ణి కానన్న సంగతి మా ఇంట్లో వాళ్ళకి మొదటి నుంచీ తెలుసు. ప్రభుత్వానికి మాత్రం నిన్ననే తెలిసింది.

నా పేరు గుత్తుల ధర్మారావు. పాత దస్త్రాల పరిరక్షణ శాఖ జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఏ పాత ఫైలు ఉంచాలి, ఏ పాత ఫైలు చింపాలి అని తేల్చడం మా శాఖ పని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను ఒక్కటీ తేల్చలేదు. ప్రతి ఫైలు చివరా "తగు ఆదేశముల కొరకు సమర్పించడమైనది" అని రాసి పైకి పంపేవాణ్ణి. పైవాళ్ళు "చర్చించవలెను" అని రాసి కిందికి పంపేవారు. ఇలా మెట్లెక్కీ దిగీ కాగితాలు వాటంతట అవే చిరిగిపోయేవి. శాఖ లక్ష్యం నెరవేరేది.

ఇంత సేవ చేసినందుకు సూపరింటెండెంటు పదోన్నతి జాబితాలో నా పేరు మొదటికి వచ్చింది. ఖాళీ ఒక్కటే. నా వెనకాల రెండో పేరు కడలి వీరభద్రం. పక్క టేబులే. సూపరింటెండెంటు అయితే ఒక గది ఇస్తారు. గదికి తలుపుంటుంది. తలుపు బయట స్టూలు మీద అటెండరుంటాడు. రిటైరయ్యేలోగా ఒక్కసారి ఆ తలుపు లోపలి నుంచి వేసుకోవాలని నా కోరిక. ఇంతకన్నా పెద్ద కోరిక నాకు ఎప్పుడూ కలగలేదు.

అలాంటి సమయంలో మా సంచాలకుల వారు నాయకత్వ శిక్షణకని మూడు రోజులు ఏదో కొండ ప్రాంతానికి వెళ్ళి వచ్చారు. అక్కడ ట్రాక్‌సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి ప్రసంగించాడట. తాను పెద్ద కంపెనీకి అధిపతి కావడానికి కారణం చదువు కాదు, తెలివి కాదు, రెండేళ్ళ పాటు వీధిలో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పడమేనని చెప్పాడట. మా సంచాలకులకి కళ్ళలో నీళ్ళు తిరిగాయని, తిరిగి వచ్చేటప్పుడు మెడలో విజిల్ వేసుకుని వచ్చారని డ్రైవరు చెప్పాడు. ఆ మరుసటి వారమే సర్క్యులర్ వచ్చింది.

"బాలబాలికల జట్టుకు శిక్షణ ఇచ్చువాడే నాయకుడగునని అనుభవపూర్వకముగా రుజువైనందున, ఇకపై పదోన్నతి కోరు ప్రతి ఉద్యోగియు నలుబది ఐదు దినములు ఒక బాలల జట్టుకు శిక్షకునిగా వ్యవహరించి, తద్వారా తన యందు నాయకత్వము పెరిగినట్లు ధ్రువపత్రము సమర్పించవలెను. పెరగని వారి విషయమై విడిగా ఆదేశములు జారీ చేయబడును."

చదివి ఇంటికెళ్ళి మా ఆవిడ భానుకి చెప్పాను. ఆవిడ కూర తరుగుతూ, "మీరు పిల్లలకి ఆట నేర్పుతారా? పోయినేడు మనవడు బంతి విసిరితే తలుపు చాటుకి వెళ్ళారు కదండీ," అంది. అది ఆత్మరక్షణ అని చెప్పాను. సరే, తలుపు చాటు నుంచే నేర్పండి అంది.

మిగతా శాఖలు ఊరుకుంటాయా? మా శాఖ వాళ్ళు మాత్రమే నాయకులైపోతే తమ గతేమిటని వాళ్ళూ సర్క్యులర్లు తెచ్చుకున్నారు. పదిహేను రోజుల్లో ఊళ్ళో పిల్లలకి కరువొచ్చింది. మా సందులో గోళీలాడుకుంటున్న ముగ్గురు పిల్లల చుట్టూ ఇద్దరు అధికారులు విజిళ్ళు వేసుకుని నిలబడి, వీళ్ళు మా శాఖకి కేటాయించిన పిల్లలంటే మా శాఖకని వాదించుకోవడం నేను కళ్ళారా చూశాను. పిల్లల్లో ఒకడు ఏడ్చాడు. దాన్ని ఇద్దరూ తమ తమ రిజిస్టర్లలో "ప్రతిస్పందన లభించినది" అని రాసుకున్నారు.

ఇంతమంది అధికారులు శిక్షకులైతే బళ్ళలో ఉన్న వ్యాయామోపాధ్యాయులు ఏం చేస్తారన్న సమస్య వచ్చింది. దానికీ పరిష్కారం పైనుంచే దిగింది. ఖాళీగా ఉన్న మాస్టార్లని, శిక్షణకి వెళ్ళిన ఉద్యోగుల సీట్లలో కూర్చోబెట్టారు.

మా ఉపసంచాలకులు రామభద్రరాజు గారు జట్లు కేటాయించడానికి సమావేశం పెట్టారు. ఆయన మంచివారు. ఏ విషయం మీదా సొంత అభిప్రాయం లేదు గనక ఎవరితోనూ తగాదా లేదు. గాజు గిన్నెలో చీటీలు వేశారు. వీరభద్రం తీసిన చీటీలో ఒక పల్లెటూరి బడి వాలీబాల్ జట్టు వచ్చింది. ఆ బడిలో నెట్టు లేదు, బంతి లేదు, జట్టులో నలుగురే ఉన్నారు, అందులో ఒకడికి కాలికి కట్టు. హాలంతా లేచి వీరభద్రానికి చేతులు కలిపింది. నాకు అర్థం కాలేదు.

తరవాత నేను తీశాను. పట్టణం చివర ఉన్న జిల్లా పరిషత్ బడి ఆడపిల్లల ఖో-ఖో జట్టు. పద్నాలుగేళ్ళ లోపు విభాగం. మండలంలో గెలిచారు, డివిజన్లో గెలిచారు, ఇంతవరకు ఓడిందే లేదు. నేను గర్వంగా చుట్టూ చూశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రామభద్రరాజు గారు కళ్ళజోడు తీసి, చావు కబురు చెప్పే గొంతుతో, "ధర్మారావు గారూ, ఇలా దగ్గరికి రండి," అన్నారు.

"ఇక్కడ రెండు నమూనాలున్నాయండి. నమూనా ఒకటి ప్రారంభ స్థితి. నమూనా రెండు తుది స్థితి. ఈ రెంటికీ మధ్య గల వ్యత్యాసమే సదరు అధికారి నాయకత్వముగా పరిగణించబడును అని ఏడో పేరాలో ఉంది. వీరభద్రం గారి పిల్లలకి బంతి చూపిస్తే చాలు, బోల్డంత వ్యత్యాసం. మీ పిల్లలు ముందే గెలిచేస్తున్నారు. ఇంక మీరు పెంచేదేముందండీ?"

"అయితే వేరే జట్టు ఇప్పించండి సార్."

"చీటీ తెరిచాక మార్చడానికి వీల్లేదండి. ఏడో పేరా మళ్ళీ చదవండి. ప్రారంభ స్థితి బలహీనముగా ఉండునట్లు సంబంధిత అధికారి చూచుకొనవలెను. అంటే బలహీనంగా లేకపోతే మీరే చూసుకోవాలి."

నేను చూసుకుంటానని చెప్పి వచ్చేశాను.

మర్నాడు ఉదయం బడికెళ్ళాను. పన్నెండు మంది ఆడపిల్లలు గుండీలూడిన చొక్కాలతో, చెప్పుల్లేని కాళ్ళతో వరసగా నిలబడి నమస్కారం పెట్టారు. కెప్టెన్ పేరు పెనుమాల సువార్త. ఎనిమిదో తరగతి. పొట్టిగా, గట్టిగా ఉంది. ఆట చూపించమన్నాను. నాకా ఆట గురించి ఏమీ తెలియదు గనక ఇది మంచి ఎత్తుగడ అనుకున్నాను.

ఎనిమిది మంది ఒక గీత మీద వరసగా, ఒకరు ఇటు తిరిగితే ఒకరు అటు తిరిగి కూర్చున్నారు. ఒక్క పిల్ల మాత్రం పరిగెడుతూ, అవతలి జట్టుగా నిలబడ్డ మిగతా ముగ్గురినీ తరుముతోంది. అలిసిపోగానే కూర్చున్న పిల్లల్లో ఒకరి వీపు తట్టి "ఖో" అని, పని ఆ పిల్లకి అప్పగించి, తాను ఆ చోట్లో కూర్చుంది. నేను నిర్ఘాంతపోయాను. ఎనిమిది మంది కూర్చోవడం, ఒకరు పరిగెత్తడం, దొరికిన వీపు తట్టి పని వదిలించుకోవడం! ఇరవై ఆరేళ్ళుగా నేను ఆడుతున్నది ఈ ఆటేనని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ ధైర్యంతో శిక్షణ మొదలుపెట్టాను. ముందుగా వాళ్ళలో క్రమశిక్షణ లేదని గమనించాను. ఎవరి వీపు పడితే వారి వీపు తట్టేస్తున్నారు. సీనియారిటీ ప్రకారం తట్టమన్నాను. కేవలం "ఖో" అని అరిస్తే సాక్ష్యం ఉండదు గనక ఒక చిన్న పుస్తకం కుట్టించి, పని అప్పగించినట్టు, అందుకున్నట్టు సంతకాలు పెట్టమన్నాను. అన్నింటికన్నా ముఖ్యమైన సూత్రం పొద్దున్నా సాయంత్రం వల్లె వేయించాను. "నోటిమాట చెల్లదు. కాగితం మీద రాసి, కింద సంతకం ఉంటేనే అది ఆదేశం. పై అధికారి సంతకం ఉన్న కాగితాన్ని మార్చాలంటే మళ్ళీ సంతకం ఉన్న కాగితమే రావాలి."

పిల్లలు శ్రద్ధగా విన్నారు. వారం తిరిగేసరికి తరిమే పిల్ల సంతకం పెట్టించుకునే లోపల అవతలివాళ్ళు గట్టు మీద కూర్చుని మామిడి తాండ్ర తినడం మొదలుపెట్టారు. నేను సంతోషించాను. ప్రారంభ స్థితి బలహీనపడుతోంది. కానీ నేను ఇంటికి బయలుదేరగానే వాళ్ళు పుస్తకం పక్కన పడేసి ఎప్పటిలా ఆడుకుంటున్నారని వాచ్‌మన్ చెప్పాడు.

సలహా కోసం ఆఫీసుకెళ్ళాను. ఆ బడి వ్యాయామోపాధ్యాయుడు జోసెఫ్ మాస్టారుని నా సీట్లోనే వేశారు. వెళ్ళేసరికి ఆయన నా కుర్చీలో మఠం వేసుకుని కూర్చుని ఉన్నారు. టేబుల్ మీద ఒక్క ఫైలు లేదు. నాకు కళ్ళు తిరిగాయి.

"ఏవయ్యాయండీ నా ఫైళ్ళు?"

"అయిపోయాయండి. ఉంచాల్సినవి ఉంచేను, చింపాల్సినవి చింపేను. చదివితే తెలిసిపోతుంది కదండీ ఏది ఎందుకూ పనికిరాదో!"

"ఎవరి ఆదేశం మీద?"

ఆయన నావైపు వింతగా చూసి, "సీటు నాదే కదండీ," అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "ఫైళ్ళకేముంది గానండి, పిల్లల సంగతి చెప్పండి. పదో తారీఖు జిల్లా సెలెక్షన్ మ్యాచి. సువార్తకి ఇదే ఆఖరి అవకాశమండి. గెలిచిన జట్టులో ఇద్దరికి స్పోర్ట్స్ స్కూల్లో సీటు, హాస్టలు, ఇంటర్ దాకా చదువు. వచ్చే ఏటికి దానికి వయసు దాటిపోద్ది. సీటు రాకపోతే ఆళ్ళమ్మ తనతో రొయ్యల షెడ్డుకి తీసుకుపోద్దండి. నేను ఒక్క వారం వచ్చి ఆడిస్తాను, నాకు పర్మిషన్ ఇప్పించండి," అన్నారు.

పర్మిషన్ ఇవ్వాల్సింది ఎవరని వెతికాం. ఆ సెక్షన్ అసిస్టెంటు సిఫారసు కావాలి. సెక్షన్ అసిస్టెంటుని నేనే. నేను శిక్షణలో ఉన్నాను గనక నా సంతకం చెల్లదు. నా సీట్లో ఉన్నది ఆయన. తన సెలవుని తానే సిఫారసు చేసుకోకూడదు. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని టీ తాగాం.

ఆ సాయంత్రమే రామభద్రరాజు గారి నుంచి పిలుపు వచ్చింది.

"నమూనా ఒకటి ఇంకా రాలేదేవండీ? ప్రారంభ స్థితిని అధికారిక పోటీలో నమోదు చేయవలెను, ప్రాక్టీసు ఆటలు చెల్లవు అని వివరణ వచ్చింది. మీ వాళ్ళకి ఉన్న అధికారిక పోటీ పదో తారీఖుది ఒక్కటే. అందులో ఓడితే నమూనా ఒకటి బలహీనం. తరవాత మీరు ఎవరితోనో ఆడించి గెలిపిస్తే నమూనా రెండు బలవంతం. పదోన్నతి ఆదేశాలు వచ్చేస్తాయి. గెలిస్తే మాత్రం వ్యత్యాసం సున్నా. వీరభద్రం గారి పిల్లలు బంతి పట్టుకోవడం నేర్చేసుకున్నారు, ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. నేనిక్కడ గొప్పగా మథనపడ్డానని చెప్పుకోవచ్చు గానీ నిజం చెప్పాలంటే నాకు తలుపున్న గదే కనపడింది. మర్నాడు పిల్లల్ని కూర్చోబెట్టి సంచాలకుల వారి సర్క్యులర్ ఏడో పేరా చదివాను. ఓడిపొమ్మని నా నోటితో అనలేదు. నా చేత్తో రాయలేదు. పేరా చదివి, సంతకం చూపించి, అందరి చేతా "చదివి తెలుసుకొనడమైనది" అని సంతకాలు చేయించాను.

సువార్త లేచి నిలబడింది.

"అంటే పదో తారీఖున ఓడిపోవాలాండి?"

"ఓడటం కాదమ్మా. ప్రారంభ స్థితిలో ఉండాలి."

"మరి సీటండి?"

"అదీ... పైవాళ్ళు చూసుకుంటారు."

"పైవాళ్ళెవరండి?"

నాకు తెలియదు. ఇరవై ఆరేళ్ళుగా ఫైళ్ళు పంపుతున్నాను గానీ పైన ఎవరున్నారో నేనూ చూడలేదు. హెడ్‌మాస్టారు వచ్చి, "సారు చెప్పినట్టు చెయ్యండర్రా, పెద్దాఫీసు కాగితం," అన్నారు. "ఆయ్," అన్నారు పిల్లలు. ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు. వంకాయ కూర బాగా లేదని భాను మీద విసుక్కున్నాను. కూర బాగానే ఉంది.

పదో తారీఖు ఉదయం జిల్లా మైదానంలో శామియానా వేశారు. రామభద్రరాజు గారు నమూనా ఒకటి పట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. మొదటి ఇన్నింగ్స్‌లో ముందు తరిమే వంతు మాదే.

వాళ్ళు ఓడిన తీరు చూడాలి. ఓడటానికి అంత నేర్పు కావాలని నాకు తెలియదు. సువార్త ప్రతిసారీ అవతలి పిల్ల వీపుకి జానెడు దూరంలో చెయ్యి చాపి ఆగిపోయేది. ఖో ఇవ్వాల్సిన క్షణం దాటాక ఇచ్చేది. అంపైరుకి తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఏడు నిమిషాల్లో మా వాళ్ళు తెచ్చింది రెండు పాయింట్లు, అవి కూడా అవతలి పిల్లలు ఒకరి మీద ఒకరు పడటం వల్ల. తరవాత అవతలివాళ్ళు తరిమి ఎనిమిది తెచ్చుకున్నారు. "అద్భుతమండీ ధర్మారావు గారూ, చాలా బలహీనంగా ఉన్నారు," అని రామభద్రరాజు గారు అక్కడి నుంచే చెయ్యి ఊపారు.

నేనూ ఊపాను. నిజం దాచడమెందుకు, నాకు గర్వంగా కూడా అనిపించింది. నేను చెప్పిన మాట పన్నెండు మంది ఒకేసారి వినడం నా జీవితంలో అదే మొదలు. ఇదేనేమో నాయకత్వం అనుకున్నాను.

అప్పుడు స్కోరు టేబుల్ పక్కన ఒకావిడ కనపడింది. స్పోర్ట్స్ స్కూలు నుంచి వచ్చిన సెలెక్టరు. ఆవిడ నోటుపుస్తకంలో మా పిల్లల పేర్ల మీద ఒక్కొక్కటిగా గీతలు కొడుతోంది. సువార్త నీళ్ళు తాగుతూ ఆ పెన్ను వైపే చూస్తోంది. కంచె అవతల ఒక ఆడమనిషి నిలబడి ఉంది. షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది, తల మీద రొయ్యలు వలిచేవాళ్ళు పెట్టుకునే నీలం ప్లాస్టిక్ టోపీ తీయడం మరిచిపోయింది. ఏమీ అర్థం కాక, ఓడిపోతున్న కూతురికి చప్పట్లు కొడుతోంది.

నాకు సిగ్గేసింది. ఇంతకన్నా మంచి మాట వెతికాను గానీ దొరకలేదు. లేచి పిల్లల దగ్గరికి పరిగెత్తాను. నేను పరిగెత్తడం చూసి ఏదో ప్రమాదం జరిగిందని ఫస్ట్ ఎయిడ్ వాళ్ళు కూడా వెంట పడ్డారు.

"సువార్తా, ఇంక చాలమ్మా. ఆడండి. బాగా ఆడండి."

సువార్త గ్లాసు కింద పెట్టింది. "కాగితం ఉందాండి?"

"కాగితమేంటి, నేను చెబుతున్నాను కదా!"

"నోటిమాట చెల్లదని మీరే చెప్పేరు కదండీ. పైసారు సంతకంతో వచ్చిన కాగితాన్ని మార్చాలంటే సంతకం ఉన్న కాగితమే రావాలన్నారు. మేం అందరం సంతకాలు పెట్టేసేమండి దాని మీద."

ఆ పిల్ల వెటకారమాడుతోందో, నిజంగానే అడుగుతోందో దాని మొహంలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. మిగతా పదకొండు మందీ నా వైపే చూస్తున్నారు. విరామం మూడు నిమిషాలు మిగిలింది.

జేబులో నమూనా ఒకటి ఖాళీ ప్రతి ఉంది. దాని వెనక రాయడం మొదలుపెట్టాను. "ఇందుమూలముగా జట్టు సభ్యులకు తెలియజేయునది ఏమనగా, సూచికలో పేర్కొనిన సర్క్యులరు ఏడవ పేరాను పునఃపరిశీలించిన మీదట..."

"సార్, టైమైపోతందండి," అంది సువార్త.

కొట్టేశాను. "ఆడండి. గెలవండి." అని రాశాను. ఇంతలో నా చెయ్యి దానంతట అదే కిందికి వెళ్ళి "తగు ఆదేశముల కొరకు" అని మొదలుపెట్టింది.

"అది కాదండి," అంది సువార్త మెల్లగా. "అక్కడ మీ పేరండి."

ఇరవై ఆరేళ్ళలో నేను వేల సంతకాలు పెట్టాను. అన్నీ ఇంకొకరు నిర్ణయించమని అడుగుతూ పెట్టినవే. ఇది వేరు. ఈ కాగితం రేపు ఎవరి బల్ల మీదికి వెళుతుందో, ఎవరు దాన్ని ఎత్తి చూపి ఏమంటారో, ఏ తలుపు నాకు ఎప్పటికీ దొరకదో, అంతా కళ్ళ ముందు కనపడింది. గుత్తుల ధర్మారావు అని రాశాను. కంగారులో తేదీ తప్పు వేశాను.

పిల్లలు "చదివి తెలుసుకొనడమైనది" రాయడానికి పెన్ను కోసం వెతుకుతుంటే, "ఆట తరవాత పెట్టుకోవచ్చు వెళ్ళండే!" అని అరిచాను.

ఆ తరవాత జరిగింది నాకు సరిగ్గా వర్ణించడం రాదు. సీనియారిటీ లేదు, పుస్తకం లేదు. సువార్త కదిలిందంటే ఎవరో ఒకరు అవుటయ్యేవారు. ఖో వినపడేసరికే తట్టించుకున్న పిల్ల పది అడుగులు అవతల ఉండేది. పదకొండు పాయింట్లు తెచ్చారు. చివరి వంతులో అవతలివాళ్ళకి నాలుగే ఇచ్చారు. పదమూడు, పన్నెండు. నేను విజిల్ ఊదబోయి మింగినంత పని చేశాను. సెలెక్టరు నోటుపుస్తకంలో గీతలు కొట్టిన పేజీ చింపేసి కొత్త పేజీ తిప్పడం చూశాను.

రామభద్రరాజు గారు నమూనా పట్టుకుని శామియానాలోంచి పరిగెత్తుకొచ్చారు. "ఏవండీ ఇది? ప్రారంభ స్థితి మొత్తం పాడైపోయింది కదండీ!" అని తల పట్టుకున్నారు. పిల్లలేమో ఆయన పక్కనే వరసగా నిలబడి, నా కాగితం మీద బుద్ధిగా సంతకాలు పెడుతున్నారు. ఆయన ఆ కాగితం తీసుకుని చదివారు. పన్నెండు మంది సాక్షుల సంతకాలతో ఇంత పకడ్బందీ అయిన సాక్ష్యం మా శాఖలో అంతకుముందు తయారు కాలేదు.

వారంలో మెమో వచ్చింది. అభియోగములు మూడు. ఒకటి, జట్టు యొక్క బలహీనతను కాపాడుటలో నిర్లక్ష్యము. రెండు, సంచాలకుల వారి ఉత్తర్వును దిగువ స్థాయిలో రద్దుపరచుట. మూడు, సదరు రద్దు ఉత్తర్వునందు తేదీ తప్పుగా వేయుట. మూడోదాని మీద విచారణాధికారికి ఎక్కువ కోపం వచ్చింది. పదకొండో తారీఖు వేసిన ఉత్తర్వు పదో తారీఖునే ఎలా అమలైందని రెండు గంటలు అడిగారు.

మూడో విచారణకి ముందు రామభద్రరాజు గారు నన్ను వరండాలోకి పిలిచి, కాఫీ ఇప్పించి, ఒక దారి చూపించారు. "మీ సీటులో ఆ రోజు ఉన్నది జోసెఫ్ మాస్టారు. మీ హోదాలో వెలువడిన ఆదేశం సాంకేతికంగా ఆ సీటుది, అంటే ఆయనది. ఆయన చెబితేనే రాశానని ఒక్క లైను రాయండి చాలు. ఆయన మన శాఖ మనిషి కూడా కాదు. జాబితాలో మీ పేరు అలాగే ఉంటుంది."

చాలా తర్కబద్ధంగా ఉంది. నేను పెన్ను తీశాను. "సదరు ఆదేశము" దాకా రాశాను కూడా. తరవాత జోసెఫ్ మాస్టారుకి ఏమవుతుందని అడిగాను. "అది వాళ్ళ శాఖ చూసుకుంటుందండి," అన్నారు రామభద్రరాజు గారు, ఏ కల్మషమూ లేకుండా. నేను మొన్న సువార్తకి చెప్పిన జవాబే అది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళాను.

విచారణాధికారి ఆఖరి ప్రశ్న అడిగారు. "ఈ కాగితము ఎవరి ఆదేశము మేరకు వ్రాసితిరి?"

"ఎవరి ఆదేశమూ లేదండి. నేనే రాశాను."

"మీరే అనగా? సూచిక సంఖ్య చెప్పండి."

"సంఖ్య లేదండి. నేనే."

ఆయన నమూనాని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ జవాబు రాయడానికి వాళ్ళ నమూనాలో గడి లేదు. చివరికి గుమాస్తాని అడిగి "ఇతరములు" అన్న చోట రాయించారు.

తీర్పు నిన్న వచ్చింది. "పై అధికారుల ఆదేశముల కొరకు వేచియుండక, స్వయముగా నిర్ణయము గైకొని, దాని బాధ్యతను ఇతరులపై నెట్టు అవకాశము కల్పించినను వినియోగించుకొననందున, ఈ ఉద్యోగియందు నాయకత్వ లక్షణములు ఏ మాత్రమును లేవని తేలినది. మూడు సంవత్సరముల పాటు పదోన్నతికి అనర్హుడు." మూడేళ్ళకి నేను రిటైరవుతాను. వీరభద్రం ఈ ఉదయమే గదిలోకి మారాడు. తలుపు బిర్రుగా ఉందని, వేస్తే రావడం లేదని చెప్పాడు.

ఇంటికొచ్చి భానుకి తీర్పు చదివి వినిపించాను. మూడు అభియోగాలు, మూడు విచారణలు, తేదీ గొడవ, జోసెఫ్ మాస్టారు, గది, తలుపు, అంతా పూస గుచ్చినట్టు చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, చేతులు చీరకి తుడుచుకుని, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ పిల్లకి సీటొచ్చిందాండీ?"

మూడు విచారణల్లో ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

"వచ్చింది. సోమవారం హాస్టల్లో చేరింది," అన్నాను.

"మరింకేంటండీ," అని భాను నాకు అన్నం వడ్డించింది.